మిలటరీ మావయ్యగారు

మా అత్తవారి ఊళ్ళో పేరు చెప్పి మా ఇల్లు అడిగితే ఎవరూ చెప్పలేరు. "మిలటరీ గారి ఇల్లు" అనాలి. అప్పుడు చెరువు గట్టు మీద కూర్చున్న ముసలాయన దగ్గర్నుంచి సైకిలు తొక్కే పిల్లాడి దాకా చెయ్యి చాపి చూపిస్తారు. మాకు దగ్గర్లోనే, తాడేపల్లిగూడెం పక్కన మాధవరం ఉంది. మిలటరీ మాధవరం అనే దానికి పేరు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచీ ఆ ఊరి మగవాళ్ళు సైన్యంలోకి వెళ్తూనే ఉన్నారు. అక్కడికెళ్ళి మిలటరీ గారి ఇల్లెక్కడండీ అంటే నవ్వి, ఏ మిలటరీ గారండీ అంటారు. మా ఊళ్ళో అలాంటి ఇల్లు మాదొక్కటే కాబట్టి మా మావయ్యగారికి ఆ పేరు ఖాయమైపోయింది. కొత్తకోడలిగా వచ్చిన నన్ను కూడా ఊరంతా "మిలటరీ గారి కోడలు" అనేవారు. ఆయన 2023 ఎండాకాలంలో కాలం చేశారు. కరెంటు బిల్లు తీసే కుర్రాడు ఇప్పటికీ "మిలటరీ గారండీ" అని కేకేసి, నాలిక్కరుచుకుంటాడు.

నాకు ఈ సంబంధం కుదిరినప్పుడు మా అమ్మకి ఒకటే టెన్షన్. "పొద్దున్నే ఈలేసి లేపుతాడేమోనే మీ మావగారు" అని మా పిన్ని వేళాకోళం ఒకటి. 1995 మాఘమాసంలో పెళ్ళయింది. కాపురానికి వచ్చాక మొదటి ఆదివారం వంటింట్లోకి వెళ్ళేసరికి మావయ్యగారు లుంగీ మడిచి కట్టుకుని, పీట మీద కూర్చుని గోధుమపిండి కలుపుతున్నారు. అత్తయ్యగారు గుమ్మంలో కూర్చుని తాపీగా కనకాంబరాలు మాల కట్టుకుంటున్నారు. "ఆదివారం వంటిల్లు ఆయనది. నువ్వటు వెళ్ళకమ్మా, రూల్సు చెబుతారు" అన్నారావిడ. మా వైపు ఇళ్ళల్లో ఆ రోజుల్లో చపాతీ అంటే షుగరొచ్చినవాళ్ళు తినేదే. ఈయన లంగరులో, అంటే సైన్యం వాళ్ళ వంటశాలలో నేర్చుకున్న చపాతీలు ఒక్కొక్కటీ గీత గీసినట్టు గుండ్రంగా చేసేవారు. పక్కన బంగాళాదుంప కూర. అందరికీ వడ్డించి, ఆఖర్న ఆయన మాత్రం అన్నంలో ఆవకాయ కలుపుకుని తినేవారు. "ఇరవై నాలుగేళ్ళు తిన్నానమ్మా చపాతీలు, చాలు" అనేవారు.

రూల్సు లేకపోలేదు. నాలుగున్నరకి లేచేవారు. దుప్పటి అంచులు పరుపు కిందికి మడిచి, చేత్తో ఒక్కసారి నిమిరితే ముడత ఉండేది కాదు. రాత్రి తొమ్మిదికి లైట్లు ఆర్పాలి. టీవీలో ఏ సీరియలు ఏ మలుపులో ఉన్నా సరే, తొమ్మిదింటికి వచ్చి నుంచునేవారు. ఏమీ అనరు, అలా నుంచుంటారంతే. అత్తయ్యగారు విసుక్కుంటూ లేచి టీవీ కట్టేసేవారు. దీని మీద ఆవిడకున్న కసి గురించి తర్వాత చెబుతాను.

ఆయన సైన్యంలో చేరింది 1963లో. చైనా యుద్ధం అయిపోయాక జోరుగా మనుషుల్ని తీసుకుంటున్నారని ఎవరో చెబితే, ఇద్దరు స్నేహితులతో కలిసి ఇంట్లో చెప్పకుండా వెళ్ళారట. బరువు చాలదేమోనని దారిలో గెలలో సగం అరటిపళ్ళు తిని, చెంబులకి చెంబులు నీళ్ళు తాగారట. స్నేహితులిద్దరూ వెనక్కొచ్చేశారు, ఈయన బెంగళూరు రైలెక్కారు. అల్సూరు చెరువు పక్కన మద్రాస్ శాపర్స్ సెంటర్లో ట్రైనింగు. శాపర్లంటే ఇంజనీరింగు దళం. వంతెనలు వెయ్యడం, రోడ్లు తియ్యడం, మందుపాతరలు పెట్టడం, తియ్యడం వాళ్ళ పని. నలుగురూ ముందుకు వెళ్ళాలంటే ముందు వీళ్ళు వెళ్ళాలి. 1780 నాటి దళం అది, సైన్యంలో వాళ్ళని తంబీలంటారు. తమిళులు, మలయాళీలు, కన్నడంవాళ్ళు, మనవాళ్ళు అందరూ కలిసి ఉండేవారు కాబట్టి ఈయనకి నాలుగు భాషలూ వచ్చేవి. అన్నీ గోదావరి యాసలోనే మాట్లాడేవారు, అది వేరే సంగతి.

ఇంక 1971 యుద్ధం. ఆ యుద్ధం మా ఇంట్లో రెండుంది. ఒకటి మావయ్యగారిది, ఒకటి అత్తయ్యగారిది.

మావయ్యగారిని అడిగితే అన్నీ నవ్వులాట కబుర్లే. ఆ సంవత్సరం ఉగాది వెళ్ళాక, సెలవు మీద వచ్చి వెళుతున్న మాధవరం ఆయనెవరో పఠాన్‌కోట్ వైపే వెళుతున్నాడని తెలిసి, అత్తయ్యగారు ఒక జాడీడు ఆవకాయ వాసెన కట్టి ఆయన చేత పంపించారట. అది దారిలో పగిలి హోల్డాలంతా నూనె పట్టేసింది. పగిలిన పెంకులు ఏరేసి, మిగిలిన ముక్కల్ని టిన్నులోకెత్తి పట్టుకొచ్చి ఇచ్చాడాయన. ఆ టిన్ను ఎనిమిది నెలలు కాపాడుకున్నారట తెలుగు తంబీలు. డిసెంబరులో సరిహద్దు దాటి వెళ్ళేటప్పుడు కూడా ఒకడి మూటలో ఉంది. పైనుంచి గుళ్ళు పడుతుంటే గోతిలో పడుకుని ఆ కుర్రాడు "నా టిన్నూ, నా టిన్నూ" అని తడుముకున్నాడని చెప్పి, కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వేవారు. పంజాబు చలి గురించి చెప్పేవారు. చలికి వేళ్ళు కొంకర్లు పోయి, బీడీ వెలిగించుకోవడానికి ఇద్దరు కావలసొచ్చేదట. ఇంతే. మేం పెద్ద పెద్ద కథలు వింటామని కూర్చుంటే ఆయన మాకు ఆవకాయ కథ చెప్పి లేచిపోయేవారు.

ఆ వేళ ఆయన ఎక్కడున్నారో మాకు తర్వాత్తర్వాత మా ఆయన పుస్తకాలు చదివి చెబితే అర్థమైంది. పాకిస్తాన్ పంజాబులో షకర్‌గఢ్ సెక్టారు. బసంతర్ నది. రావి నదిలో కలిసే చిన్న నది అది. డిసెంబరు 15 రాత్రి మన పదాతి దళం నది దాటి అవతల ఒడ్డున నిలదొక్కుకుంది. కానీ వాళ్ళకి తోడుగా ట్యాంకులు రావాలంటే మధ్యలో మందుపాతరలు. నేలంతా వరసగా పాతిపెట్టి ఉన్నాయి. తెల్లవారేలోగా వాటి మధ్య ట్యాంకు పట్టేంత దారి తియ్యాలి. తీసింది మద్రాస్ శాపర్లు, 9 ఇంజనీర్ రెజిమెంటు. దారి సగమే అయింది. అవతల శత్రువు ట్యాంకులు కదులుతున్నాయని కబురొచ్చింది. పూనా హార్స్ అనే మన ట్యాంకుల దళం వాళ్ళ ట్యాంకులు ఇంక ఆగలేక ఆ సగం దారిలోంచే దూసుకుపోయాయి. మర్నాడు 16న అక్కడే ఇరవై ఒక్కేళ్ళ సెకండ్ లెఫ్టినెంట్ అరుణ్ ఖేతర్‌పాల్ కాలుతున్న ట్యాంకులోంచి దిగకుండా పోరాడి చనిపోయాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ పేరు దేశమంతా ఎరుగును. ముందురాత్రి ఆ నేల మీద బోర్లా పడుకుని చేతులతో తడుముకుంటూ వెళ్ళినవాళ్ళ పేర్లు వాళ్ళ ఇళ్ళల్లో తప్ప ఎవరికీ తెలియవు. ఇది నా మాట. మావయ్యగారు ఎప్పుడూ ఇలా అనలేదు, అంటే ఒప్పుకునేవారు కూడా కాదు.

అత్తయ్యగారి యుద్ధం వేరు. దాంట్లో నవ్వులాట లేదు.

మా ఆయన పుట్టింది ఆ సంవత్సరం నవంబరులోనే. మా వదినకి అప్పటికి మూడేళ్ళు. పురిటి గదిలో ఉండగా యుద్ధమొచ్చిందని తెలిసింది. ఇంట్లో రేడియో లేదు. రేడియో ఉన్న ఇల్లు రెండు వీధుల అవతల. పసిబిడ్డ తల్లి గడప దాటకూడదు కదా. పొద్దున్నే ఆకాశవాణిలో తెలుగు వార్తలు రాగానే ఎవరో ఒక పిల్లాణ్ణి పంపించి, వాడేం విన్నాడో చెప్పమనేవారట. ఆ పిల్లాడు ఒక రోజు పరిగెత్తుకొచ్చి "విశాఖపట్నం దగ్గర పాకిస్తాన్ జలాంతర్గామి మునిగిపోయిందంట" అన్నాడట. అది ఘాజీ. ఆవిడకి జలాంతర్గామి అంటే ఏంటో తెలియదు, విశాఖపట్నం తెలుసు. "ఆయన్నేమో అంత దూరం పట్టుకుపోయారు, యుద్ధమేమో ఇటొచ్చిందేంట్రా దేవుడా అనుకున్నానమ్మా" అనేవారు. ఇప్పుడు వినడానికి నవ్వొస్తుంది గాని, ఒళ్ళో పదిహేను రోజుల పిల్లాణ్ణి పెట్టుకుని విన్న మనిషికి నవ్వు రాదు.

అంతకంటే భయం పోస్టుమాను. అందరికీ ఉత్తరాలు తెచ్చేవాడు, ఎవరికైనా టెలిగ్రాం తెచ్చేదీ వాడే. సైకిలు గంట వినబడితే అత్తయ్యగారు చేతిలో ఏముంటే అది కింద పెట్టేసేవారట. 56 ఎ.పి.ఓ., అంటే సైన్యం పోస్టాఫీసు ముద్ర ఉన్న ఉత్తరం యుద్ధం అయిపోయిన ఎన్నాళ్ళకో వచ్చింది. ఆ ఉత్తరం నేను చూశాను. అత్తయ్యగారి ట్రంకుపెట్టెలో పట్టుచీర మడతలో ఉంటుంది. మొత్తం చదివితే నాలుగు ముక్కలు. "నేను క్షేమం. మీరు అక్కడ క్షేమమని తలుస్తాను. ఇక్కడ చలి ఎక్కువ. అబ్బాయి పుట్టిన కబురు అందినది. నల్లావుకి దాణా తగ్గించవద్దు." అంతే. మందుపాతర ఊసు లేదు, యుద్ధం ఊసు లేదు. "ఆవు మీదున్న ధ్యాస నా మీద లేదు చూడు" అని ఆవిడ యాభై ఏళ్ళు దెప్పారు. ఆయన యాభై ఏళ్ళూ విననట్టే ఊరుకున్నారు.

విననట్టు ఊరుకోవడం ఆయనకి తేలిక కూడా. పేలుళ్ళకి ఎడమ చెవి దెబ్బతింది. అత్తయ్యగారు పొగడాల్సొస్తే కుడివైపుకి, తిట్టాలనిపిస్తే ఎడమవైపుకి వెళ్ళి కూర్చునేవారు.

మన రేడియోలో యుద్ధం డిసెంబరు 17తో అయిపోయింది. శాపర్లకి అవ్వలేదు. పెట్టిన మందుపాతరలన్నీ శాపర్లే తియ్యాలి. మనం పెట్టినవీ, వాళ్ళు పెట్టినవీ. నెలల తరబడి ఆ పనే. మళ్ళీ పొలం దున్నుకునేవాడి కాళ్ళ కింద ఒక్కటీ మిగలకూడదు. అందుకని కొడుకుని చూడటానికి ఆయనకి సెలవు దొరికింది 1972 ఎండల్లో. పఠాన్‌కోట్ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి జి.టి. ఎక్స్‌ప్రెస్‌లో విజయవాడ, మళ్ళీ పాసింజరు పట్టుకుని తాడేపల్లిగూడెం. నల్ల ట్రంకుపెట్టె భుజాన పెట్టుకుని ఇంట్లోకి వస్తే, పాకుతున్న కొడుకు ఈ మీసాలాయన్ని చూసి జడుసుకుని ఏడుపు లంకించుకున్నాడట. సెలవులన్నీ వాణ్ణి మచ్చిక చేసుకోవడానికే సరిపోయాయి. సరిగ్గా "నాన్న" అని దగ్గరికి రావడం మొదలుపెట్టేసరికి వెళ్ళే రోజొచ్చింది. ఇలాగే, పిల్లలిద్దరి చిన్నతనం ఆయనకి సెలవుల్లో ముక్కలు ముక్కలుగానే తెలుసు.

ఆయన్ని నేను అర్థం చేసుకున్నది ఇక్కడే అనుకుంటాను. 1987లో హవల్దారుగా రిటైరై వచ్చాక ఆయన చేసిందంతా ఆ సెలవుల్లో చాలనిదాన్ని భర్తీ చెయ్యడమే.

నా కూతురు బడికి వెళ్ళడం మొదలుపెట్టాక దాని జడలు ఆయన పుచ్చుకున్నారు. పొద్దున్నే నాకు క్యారేజీలు సర్దేసరికే చాలయ్యేది. అరుగు మీద దాన్ని ముందు కూర్చోబెట్టుకుని, పాపిట కొలబద్ద పెట్టినట్టు తీసి, రెండు జడలు బిగించి అల్లి పైకి మడిచి రిబ్బన్లు కట్టేవారు. శాపరు చేతికి తాడు ఇస్తే ఇంకేముంది. రీఫ్ నాట్ వేసేవారు. సాయంత్రం దాకా చెక్కు చెదరదు, సాయంత్రం ఆయన వస్తే గాని ఊడదు. ఒకసారి ఆయన ఏలూరు పనిమీద వెళ్ళి రాత్రికి రాలేదు. అది రిబ్బన్లతోనే పడుకుంది.

ఆ వేసవిలో మా వదిన పుట్టింటికొచ్చి ఈ సంబరం చూసింది. చూసి చూసి, "నాకెప్పుడూ వెయ్యలేదు నాన్నా" అంది. నవ్వుతూనే అంది గాని గొంతు అదోలా ఉంది. మావయ్యగారు ఏమీ మాట్లాడలేదు. ఎడమ చెవి వైపు అందేమోనని కూడా అనుకున్నాను. సాయంత్రం దొడ్లోంచి వచ్చేసరికి చూద్దును కదా, ఇద్దరు పిల్లల తల్లి మా వదిన అరుగు మెట్టు మీద కూర్చునుంది, వెనకాల పైమెట్టు మీద ఈయన కొబ్బరినూనె గిన్నె పెట్టుకుని దువ్వెనతో చిక్కు తీస్తున్నారు. వీధిలో వెళ్ళేవాళ్ళు చూస్తున్నారని వదిన సిగ్గుపడుతోంది. "కదలకు, పాపిట వంకర పోతుంది" అని ఈయన కసురుతున్నారు.

చేతులతో ఏ పనైనా అలాగే చేసేవారు. మా దొడ్లో అరటిచెట్ల వెనక చేమదుంపలు వేసేవాళ్ళం. తవ్వాలంటే మేమైతే గునపం పెట్టి ఒక్క పోటు పొడుస్తాం, సగం దుంపలు తెగుతాయి. ఆయనకి జానెడున్నర ఇనప సీకు ఒకటుండేది. మోకాళ్ళ మీద కూర్చుని, ఎడం చేత్తో ముందు మట్టి పైపైన నిమిరి, ఆకూ పుల్లా ఏరేసి, ఆ సీకుని ఏటవాలుగా నెమ్మదిగా మట్టిలోకి దింపేవారు. తగిలిందా, ఆగిపోయేవారు. సీకు అలాగే ఉంచి, చుట్టూ మట్టి వేళ్ళతో తీసేవారు. జానెడు జరిగి మళ్ళీ ఏటవాలుగా. ఒక్క దుంపకి గాటు పడేది కాదు. ఒక రోజు నా కూతురు పక్కన గొంతుకూర్చుని "ఎందుకు తాతయ్యా వంకరగా గుచ్చుతావు? తిన్నగా గుచ్చొచ్చుగా" అంది. నేను బట్టలారేస్తున్నాను.

"తిన్నగా గుచ్చితే నెత్తి మీద పడుతుందమ్మా. నొక్కుకుపోతుంది. ఏటవాలుగా వెళ్తే పక్కన తగులుతుంది. పక్కన తగిల్తే ఏమీ కాదు."

"దుంపకి నెత్తుంటుందా?"

"ఇది దుంప కాదులే. రొట్టెల పెనమంత ఉంటుంది. బాయ్‌నెట్టుతో వెతకాలి, చీకట్లో." కాసేపు ఊరుకుని, "నా పక్క వరసలో కేరళ కుర్రాడొకడు ఉండేవాడు. వాడు నాకంటే బాగా చేసేవాడు" అన్నారు.

అది "మరి?" అంది. "మరేంలేదు, గంప ఇలా తే" అన్నారాయన.

ఆ కుర్రాడి సంగతి తర్వాత అత్తయ్యగారు చెప్పారు, కాస్త విసుగ్గానే. ఏటేటా ఓణం ముందు కేరళకి, ఆ కుర్రాడి తల్లికి మనియార్డరు వెళ్ళేదట. ఆయన జీతమే అంతంతమాత్రం. "ఇక్కడ నేను కిరాణా కొట్టు వాడికి మొహం చాటేస్తుంటే అక్కడికి డబ్బులు పంపిస్తారేంటని ఒకసారి అడిగాను. ఏమన్లేదు. నేనూ మళ్ళీ అడగలేదు" అన్నారు. ఆవిడ పోయిందని కబురొచ్చేదాకా పంపారు.

రిటైరయ్యాక గూడెంలో ఒక బ్యాంకులో గార్డుగా చేరారు. మాజీ సైనికులకి ఆ ఉద్యోగాలే దొరుకుతాయి. డబుల్ బ్యారెల్ తుపాకీ పట్టుకుని స్టూలు మీద కూర్చోవడం. బసంతర్ దాకా వెళ్ళొచ్చిన మనిషి "చెప్పులు బయట విప్పండి, వరసలో రండి" అని చెప్పుకుంటూ కూర్చున్నాడే అని నాకు కష్టంగా ఉండేది. ఆయనకేం ఉండేది కాదు. "ఎండ లేదు, వాన లేదు, సాయంత్రం ఇంటికొచ్చేస్తాను. ఇంతకంటే ఏం కావాలి?" అనేవారు. అరవై ఏళ్ళు నిండేదాకా చేశారు. ఆయన డ్యూటీలో ఉన్నన్నాళ్ళూ ఫారాలు నింపడం రాని ఆడవాళ్ళందరూ ముందు ఆయన దగ్గరికే వెళ్ళేవారట.

మిలటరీ క్యాంటీనులో నెలనెలా ఇచ్చే రమ్ము కోటా గురించి చెప్పకపోతే ఊళ్ళోవాళ్ళు ఒప్పుకోరు. నెల మొదటి వారంలో మా ఇంటికి చుట్టాలు ఎక్కువ. ఎప్పుడూ పలకరించనివాళ్ళు కూడా "మిలటరీ గారూ, ఒంట్లో ఎలా ఉంది?" అంటూ వచ్చి అరుగు మీద కూర్చునేవారు. ఆయన వాళ్ళకి మజ్జిగ ఇప్పించి, వాతావరణం మాట్లాడి, పంపించేసేవారు. రమ్ము ఆయన చలికాలంలో ఒక మూత తాగేవారు, దగ్గొస్తే పిల్లల ఛాతీకి రాసేవారు. మిగిలింది మాధవరంలో ఉన్న పాత స్నేహితుడితో కూర్చున్నప్పుడు ఖర్చయ్యేది. వాళ్ళిద్దరూ కలిస్తే హిందీలో మాట్లాడుకునేవారు. తెలుగువాళ్ళు ఇద్దరు మన అరుగు మీద కూర్చుని హిందీలో ఎందుకని అత్తయ్యగారు గొణిగేవారు. మేం వినకూడని కబుర్లు ఆ భాషలో ఉండేవేమో.

1996 నవంబరు 6 తుపాను రాత్రి నేను ఏడో నెల కడుపుతో ఉన్నాను. కోనసీమని నాశనం చేసింది అది. మా వైపు అంత కాకపోయినా కొబ్బరిచెట్లు బాగానే పడ్డాయి. సాయంత్రం గాలి తిరుగుతుండగానే ఆయన ఆవుల పాక నాలుగు గుంజలకీ మోకులు వేసి కట్టేశారు, కిటికీ తలుపులకి అడ్డకర్రలు బిగించారు, మమ్మల్నందర్నీ స్లాబు వేసిన పక్కింట్లోకి తోలారు. ఆయన మాత్రం ఆవుల దగ్గరే ఉన్నారు. తెల్లారి చూస్తే మా ఇంటి పెంకులు సగం లేవు, పాక అలాగే ఉంది. ఊళ్ళోంచి మెయిన్‌రోడ్డుకి వెళ్ళే దారిలో పంటబోదె మీది చప్టా కొట్టుకుపోయింది. మధ్యాహ్నానికల్లా ఈయన పదిమంది కుర్రాళ్ళని పోగేసి, పడిపోయిన కొబ్బరి మొద్దులు నాలుగు అడ్డంగా దొర్లించి, మోకులతో అల్లి, పైన తాటిపట్టెలు పరిచి దారి వేశారు. ముందు ఆయన నడిచారు. అవతలికెళ్ళి, వెనక్కొచ్చి, మళ్ళీ మధ్యలో నుంచుని ఎగిరి చూశారు. అప్పుడు "ఒక్కొక్కరే రండి" అన్నారు. నన్ను ఆస్పత్రికి తీసుకెళ్ళింది ఆ మొద్దుల మీద నుంచే. ఆయన ముందు వెనక్కి నడుస్తూ నా రెండు చేతులూ పట్టుకున్నారు. "కిందికి చూడకమ్మాయ్, నా మొహం చూడు" అన్నారు. మావగారి మొహం అంతసేపు తిన్నగా చూడటం నాకదే మొదటిసారి. నుదుటి మీద చిన్న మచ్చ ఒకటుందని అప్పుడే తెలిసింది.

వన్ ర్యాంక్ వన్ పెన్షన్ వచ్చినప్పుడు బకాయిలు నాలుగు వాయిదాల్లో పడ్డాయి. మొదటి వాయిదాతో బోరు మోటారు, రెండోదానితో మనవడి కాలేజీ ఫీజు. మిగతావి ఏమయ్యాయో అత్తయ్యగారికి తెలుసు, నాకు తెలియదు. నవంబరు వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్టు కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని, పశ్చిమీ స్టారూ మిగతా మెడల్సూ ఉన్న పెట్టె ఒకసారి తెరిచి చూసుకుని, అవి మాత్రం పెట్టుకోకుండా బ్యాంకుకి బయల్దేరేవారు. వచ్చి "ఇంకో ఏడాది బతికే ఉన్నానని సంతకం పెట్టి వచ్చాను" అనేవారు. 2022లో మోకాళ్ళు పూర్తిగా మొరాయించాయి. ఆటోలో తీసుకెళ్ళాం.

పోయే ముందు మంచాన పడి ఎవర్నీ ఇబ్బంది పెట్టలేదు. రెండు రోజులు జ్వరం, మూడో రోజు తెల్లవారుజామున, ఆయన లేచే వేళకే. మాధవరం నుంచీ గూడెం నుంచీ మాజీ సైనికులు వచ్చారు. ఎనభై ఏళ్ళవాళ్ళు కూడా సైన్యం బెరే టోపీలు పెట్టుకుని, వణికే చేతులతో సెల్యూట్ చేశారు. వచ్చినవాళ్ళకి కాఫీలివ్వడంలో నేనది సరిగ్గా చూడనే లేదు.

పదకొండో రోజు అయ్యాక పెన్షను కాగితాల మాటొచ్చింది. అత్తయ్యగారికి ఫ్యామిలీ పెన్షన్ రావాలి. ఊళ్ళో అందరూ బెదరగొట్టారు. ఆవిడకి ఇంట్లో పిలిచే పేరొకటి, పెళ్ళప్పుడు సర్వీసు కాగితాల్లో ఎక్కింది ఒకటి, ఆధార్‌లో ఇంకొకటి. ఇలాంటి తేడాలతో ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఆడవాళ్ళు మా చుట్టుపక్కల ఊళ్ళల్లో ఉన్నారు. మా ఆయన తల పట్టుకున్నారు. అత్తయ్యగారు తాపీగా "ట్రంకుపెట్టెలో అడుగున చూడండి, ఏదో పెట్టానన్నారు" అన్నారు.

నీలం అట్ట ఫైలు. పైన ఎర్ర సిరాతో "నా తరవాత" అని రాసుంది. లోపల వరసగా కవర్లు, ఒక్కో కవరు మీద అంకె. డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ. (పెన్షను చెల్లింపు ఉత్తర్వు), ఇద్దరూ కలిసి దిగిన ఫోటోలు అరడజను, బ్యాంకు పాసుబుక్కు నకలు. పేర్లన్నీ ఒక్కరివేనని ఎప్పుడో అఫిడవిట్ చేయించి, సర్వీసు రికార్డులో సరిచేయించి, ఆ ఉత్తర్వు కాపీ కూడా పెట్టారు. దానికి నాలుగేళ్ళు ఉత్తరాలు రాసినట్టున్నారు, ఆ నకళ్ళన్నీ ఉన్నాయి. మాకెవరికీ చెప్పలేదు. ఏ కాగితం ముందివ్వాలి, ఏది ఒరిజినల్ ఇవ్వకూడదు, ఏ కౌంటర్లో అడగాలి, అన్నీ ఒక కాగితం మీద రాశారు. ఏడో నంబరు కవరు ఖాళీగా ఉంది. దాని మీద "నా డెత్ సర్టిఫికెట్, మూడు కాపీలు, మీరు పెట్టాలి" అని ఉంది. మా ఆయన అది చదివి లేచి దొడ్లోకి వెళ్ళిపోయారు.

పెన్షను మూడో నెలకే పడింది. బ్యాంకులో ఆ అమ్మాయి ఫైలు తిరగేసి, "ఇంత పద్ధతిగా ఎవరూ తేరండీ" అంది. అత్తయ్యగారు "మాకు మిలటరీ ఇల్లమ్మా" అన్నారు.

ఆ డబ్బుతో ఆవిడ మొదట కొన్నది కొత్త టీవీ, గోడకి తగిలించేది. పాతది బాగానే ఉంది కదా అంటే వినలేదు. ఇప్పుడు తొమ్మిదిన్నర సీరియలు కూడా చూస్తున్నారు, సౌండు వీధిలోకి వినబడేలా. పదింటికి నేను వెళ్ళి నుంచుంటే, "నువ్వు నుంచుంటే నేను కట్టనమ్మా, వెళ్ళి పడుకో" అంటారు.